విస్తరి ముందు రెండు ఎర్ర లైట్లు

మలేసియాలోని బంటింగ్‌లో ఫ్యాక్టరీల వెనక వరస ఇళ్ళున్నాయి. వాటిలో చిట్టచివరిది ఎర్రమ్మ ఇల్లు. ఆ సాయంత్రం వాళ్ళ వంటగదిలో మిరపకాయల సాంబల్ పచ్చడి కుతకుతమంటోంది. కొబ్బరిపాలతో వండిన అన్నం దించి మూత పెట్టారు. ఎర్రమ్మ కూతురు విజయరాణి ఘాటుకి తుమ్ముతూనే ఉడికిన గుడ్లు ఒలుస్తోంది. తెలియనివాళ్ళు చూస్తే ఎవరిదో పుట్టినరోజు అనుకుంటారు. కాదు. ఆమె తమ్ముడు విమలన్ పోయి ఆ రోజుకి పదహారో రోజు. పెద్ద దినం.

పొద్దున్నే ఏటి ఒడ్డున కర్మ అయిపోయింది. చుట్టాలు భోజనాలు చేసి ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు. ముసలివాళ్ళని వ్యాన్‌లో దింపి రావడానికి రాణి మొగుడు మోహన్ క్లాంగ్ వెళ్ళాడు. ఇంట్లో తల్లీ కూతుళ్ళిద్దరే మిగిలారు.

ఇంకొక్క పని ఉంది. అది తాతలు ఎస్టేటు తోటల్లో పనిచేసిన రోజుల నుంచీ ఆ ఇంట్లో వస్తున్న ఆచారం. పొద్దువాలే వేళకి, పోయిన మనిషి ఇష్టపడి తిన్నవీ తాగినవీ అన్నీ పటం ముందు ఆకులో పెడతారు. దీపమూ అగరొత్తీ వెలిగిస్తారు. తర్వాత ఇంట్లో పిట్ట కూడా లేకుండా అందరూ బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేస్తారు. లోపల ఎవరూ ఉండకూడదు. అగరొత్తి కాలే వరకూ ఆ మనిషి వచ్చి తింటాడు. అప్పుడు బయటినుంచే మూడుసార్లు “ఎల్లిరా” అని సాగనంపి, ఆ తర్వాతే తలుపు తియ్యాలి. ముందు తియ్యకూడదు. ఎందుకని రాణి చిన్నప్పుడు అడిగితే ఎవరూ చెప్పలేదు, అడిగినందుకు మాత్రం వీపు మీద ఒకటి పడింది.

విమలన్‌కి కొబ్బరన్నం ఇష్టం. ఐసు వేసిన మైలో చాక్లెట్ పాలు ఇష్టం. వాటన్నిటికంటే వాడి వేప్ ఇష్టం. అదే, కరెంటు సిగరెట్టు. అది చేతిలో లేకుండా వాడు గుమ్మం కూడా దాటేవాడు కాదు.

“ఇది నొక్కితే ఎలగట్లేదే,” అంది ఎర్రమ్మ, ఆ వేప్‌ని రెండు చేతుల్లో పట్టుకుని వంటగది గుమ్మంలో నిలబడి. “సార్జింగ్ ఎట్టు రాణీ.”

“ఒట్టిదే ఎడదాం అమ్మా. ఎట్టినట్టు ఉంటాది, సాల్లే.”

“నీ తాతకి కాళీ ముంత ఎట్టినామేటి? కల్లు పోసే కదా ఎట్టినాం. ఆడు వచ్చి నొక్కుకుంటాడు. రాదు. మా అమ్మ నాకు కాళీది ఎట్టింది అనుకుంటాడు.”

రాణి వేప్ అందుకుంది. ఈ పదహారు రోజుల్లో అమ్మ ఒక పూట కూడా సరిగ్గా తినలేదు. రాత్రుళ్ళు లేచి కూర్చుని, “ఆడికి సీకటంటే బయ్యం, ఒక్కడూ ఎలాగున్నాడో,” అంటుంది. తమ్ముడు ఎలాగూ పోయాడు. అమ్మనైనా నిలబెట్టుకోవాలి. వాడి వెనకాలే ఈవిడ కూడా నడిచి వెళ్ళిపోతుందేమోనని రాణికి పగలూ రాత్రీ అదే భయం.

వేప్ సంగతి ఎలా ఉన్నా దాని బ్యాటరీల సంగతి రాణికి బాగా తెలుసు, విమలనే చెప్పాడు. మిగతా అన్నిటిలో గాలిమనిషే గానీ ఈ ఒక్కదాంట్లో వాడు మహా జాగ్రత్త. బ్యాటరీలు బయటికి తీసి పెట్టే చార్జర్‌ని మంచం మీద పెట్టేవాడు కాదు, సోఫా మీద పెట్టేవాడు కాదు. వంటగది గచ్చు మీద పెట్టి, చుట్టుపక్కల గుడ్డ పేలిక కూడా లేకుండా చూసి, ఎర్ర లైట్లు రెండూ పచ్చగా మారేదాకా పీట వేసుకుని అక్కడే కూర్చునేవాడు. “పొయ్యి మీద పాలెట్టి ఊరెల్తారేటి అక్కా? ఇదీ అంతే,” అనేవాడు. కింద పడ్డ బ్యాటరీని, సొట్టపోయినదాన్ని, పైతొడుగు చిరిగినదాన్ని మళ్ళీ చార్జింగ్ పెట్టకూడదని వందసార్లు చెప్పాడు. గోళ్ళరంగు లాంటి వాసన వచ్చిందంటే ఇంక దాని దగ్గర నిలబడొద్దు, పారిపోవాలి, అనేవాడు.

పోలీసులు ప్లాస్టిక్ సంచిలో తెచ్చిచ్చిన వేప్‌లో రెండు బ్యాటరీలున్నాయి. లారీ కింద మోటారుసైకిల్ పడ్డప్పుడు అది విమలన్ జేబులోనే ఉంది. ఒకటి నడుమ దగ్గర లోపలికి నొక్కుకుపోయింది. రెండోదాని తొడుగు చీరుకుపోయి లోపలి లోహం కనిపిస్తోంది. రాణి వాటిని తీసి పెరట్లో ఇసుక పోసిన రంగు డబ్బాలో పడేసింది. వాడి సొరుగులో వాడని జత ఒకటి ఉంటే తెచ్చి చార్జర్‌లో పెట్టింది. పచ్చ లైటు రావడానికి ఇంకా చాలాసేపు పడుతుంది. పొద్దేమో వాలిపోతోంది.

“సార్జర్‌తో పాటే ఎట్టేద్దాం,” అంది ఎర్రమ్మ.

ఎవరూ లేని గదిలో చార్జింగ్ వదిలేసి తలుపు వెయ్యడం రాణికి సుతరామూ ఇష్టం లేదు. కానీ కొత్త బ్యాటరీలే కదా, గచ్చు మీదే కదా, ఒక్క అగరొత్తి కాలేంత సేపే కదా అనుకుంది. కిటికీ అద్దాల సందులోంచి లైట్లు కనిపిస్తూనే ఉంటాయి. సరేనని, తలమీద నీళ్ళు పోసుకుని చీర మార్చుకోవడానికి వెళ్ళింది. అదిగో, ఆ కాసేపే ఎర్రమ్మ ఒక్కతీ ఉంది.

రాణి వచ్చేసరికి అంతా సిద్ధంగా ఉంది. పటం ముందు అరిటాకు. అన్నం, సాంబల్, గుడ్డు. గ్లాసు చుట్టూ చెమ్మపట్టిన మైలో. ఆకు పక్కన వేప్, దాని పక్కన గచ్చు మీద చార్జర్, రెండు ఎర్ర లైట్లు. ఎర్రమ్మ అగరొత్తి వెలిగించి, హాల్లో లైటు ఆర్పింది. ఇద్దరూ బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశారు.

వాన మొదలైంది. రేకుల మీద దడదడమని మోత. ఎక్కడో మసీదులోంచి సాయంత్రపు పిలుపు వానలో తడిసి వినిపిస్తోంది. వీధిలో పురుగు లేదు. పక్కింటివాళ్ళు ఊరెళ్ళారు. రబ్బరు ఫ్యాక్టరీ వాసన, తడి మట్టి వాసన, లోపలి అగరు వాసన మూడూ కలిసిపోయి ముక్కుకి పడుతున్నాయి. రాణి కిటికీ పక్కగా నిలబడి సందులోంచి ఆ రెండు ఎర్ర లైట్లనే చూస్తోంది. లోపలికి చూడటం తప్పని ఆమెకి తెలుసు. లైట్లనే కదా చూస్తున్నాను అని తనకి తానే సర్దిచెప్పుకుంది.

దీపం ఆరిపోయింది. గాలికేమో అనుకుంది.

తర్వాత... టిక్ మని ఒక చిన్న చప్పుడు.

వెంటనే, సర్ర్‌ర్... మని. మెల్లగా. ఎవరో గుండెల నిండా పీల్చినట్టు.

రాణి వినీ వినీ విసుక్కున్న చప్పుడు. సోఫాలో కాళ్ళు చాపుకుని విమలన్ రోజూ చేసిన చప్పుడు. కిటికీ సందులోంచి వాడి వేప్ పొగకుండే లైచీపండు వాసన తియ్యగా బయటికి వచ్చింది.

ఎర్రమ్మ నవ్వింది. ఈ పదహారు రోజుల్లో అదే మొదటిసారి.

“వచ్చినాడే,” అంది గుసగుసగా.

రాణికి ఏడుపొచ్చింది. భయమూ వేసింది. వాడు నిజంగా వచ్చాడంటే ఒక్కసారి చూసుకోవాలనిపించింది, చూడకూడదనీ అనిపించింది. కళ్ళు మళ్ళీ సందు దగ్గరికే పోయాయి. రెండు ఎర్ర లైట్లు. కాసేపటికి రెండూ కనబడకుండా పోయాయి. ఆరిపోలేదు... ఎవరో వాటికి అడ్డంగా కూర్చున్నారు. మళ్ళీ టిక్. మళ్ళీ సర్ర్‌ర్. అడ్డం తొలగింది. లైట్లు కనిపించాయి.

ఆ తర్వాత లైచీ వాసన కిందనుంచి ఇంకో వాసన పైకొచ్చింది. అదీ తియ్యనే. కానీ ముక్కులోకి గుచ్చుకునే తీపి.

గోళ్ళరంగు.

“అమ్మా,” రాణి తల్లి వైపు తిరిగింది. “సార్జర్‌ని ముట్టుకున్నావేటి?”

ఎర్రమ్మ తలుపు వైపే చూస్తోంది.

“సెప్పమ్మా. ముట్టుకున్నావా?”

“ఆడి జేబులోయి ఎట్టినాను,” అంది ఎర్రమ్మ. “ఇసకలోంచి తీసి తుడిసినాను. ఆకరిసారి ఆడు పీల్సినప్పుడు అందులో ఉన్నయి అయ్యే కదే. కొత్తవి ఆడివి కావు కదా.”

రాణి తలుపు మీద చెయ్యి వేసింది. ఎర్రమ్మ ఆ చేతిని పట్టేసుకుంది. అన్నం తినని మనిషికి అంత బలం ఎక్కడిదో తెలియదు.

“ఒద్దే. ఒత్తి కాలనేదు. ఆడింకా తింటన్నాడు. నోటికాడ కూడు లాక్కుంటావా?”

“అది పేల్తాదమ్మా. ఇల్లు అంటుకుంటాది.”

“అంటుకోనీ.”

అప్పుడు లోపలినుంచి పిలుపు వినిపించింది. వాన మోతలో కూడా స్పష్టంగా. తలుపు చెక్కకి నోరు ఆనించి మాట్లాడినట్టు.

“అమ్మా... సీకటిగుంది.”

రాణి బిగుసుకుపోయింది. ఒక్క క్షణం, అంతే. ఆ క్షణంలో ఎర్రమ్మ ఆమె చెయ్యి వదిలి, తలుపు సందు చేసుకుని, చిన్నపిల్లలా తల వంచుకుని లోపలికి దూరిపోయింది. తలుపు మూసుకుంది.

“అమ్మా.”

రాణి నెట్టింది. రాలేదు. ఆ తలుపుకి లోపల గడియ ఎప్పుడో విరిగిపోయింది, మోహన్ బాగుచేస్తానంటూ చెయ్యనేలేదు. అయినా తలుపు కదలలేదు. అవతల ఎవరో వీపు ఆనించి కూర్చున్నట్టు కొంచెం లోపలికి పోయి మళ్ళీ వెనక్కి వస్తోంది. కిటికీ సందులో ఎర్ర లైట్లు లేవు. బుస్సు... మని చప్పుడు. సన్నగా మొదలై... పెరిగి... పెరిగి...

పేలింది.

కిటికీ అద్దాలు తెల్లబడ్డాయి. తెలుపులోంచి పసుపు రంగు మంట లేచింది. కర్టెన్ అంటుకుంది. రాణి వెనక్కి జరిగి, భుజంతో తలుపుని గుద్దింది. మళ్ళీ గుద్దింది. అమ్మని ఇవ్వు, అమ్మని ఇచ్చెయ్యి అని ఎవరిని బతిమాలిందో ఆమెకే తెలియదు. మూడోసారికి తలుపు ఉన్నట్టుండి తేలిగ్గా తెరుచుకుంది, అవతల కూర్చున్నవాళ్ళు లేచి పక్కకి తప్పుకున్నట్టు.

లోపల పొగ. కళ్ళు మండాయి, ఊపిరాడలేదు. సాగనంపాలన్న మాట అప్పుడు ఎవరికి గుర్తుంటుంది? రాణి గచ్చు మీద పాకింది. చేతికి తడి అన్నం తగిలింది. తర్వాత ఒక కాలు తగిలింది, కాలికి కడియం. అమ్మ. రెండు చంకల్లో చేతులు వేసి, వెనక్కి వెనక్కి ఈడ్చుకుంటూ గడప దాటించి, వానలోకి లాక్కొచ్చింది. వెనకాల తలుపు దానంతట అదే దగ్గరగా పడింది. పడితే పడింది. ఇల్లు కాలితే కాలింది. అమ్మ దక్కింది, అది చాలు.

తల్లి తలని ఒళ్ళో పెట్టుకుంది. మొహం మీది మసిని వాన కడిగేస్తోంది. చీర కొంగు కాలింది గానీ ఒంటి మీద గాయం లేదు. ఛాతీ పైకి లేచింది, కిందికి దిగింది. దగ్గింది. రాణి దేవుళ్ళందరికీ దణ్ణం పెట్టుకుంది. ఏడ్చింది. నవ్వింది. అమ్మా, అమ్మా అంటూ చెంపలు నిమిరింది.

ఎర్రమ్మ కళ్ళు తెరిచింది. చుట్టూ చూసింది. వానని చూసింది, వీధి లైటుని చూసింది. చాలా రోజుల తర్వాత వెలుతురు చూసినట్టు రెప్ప వెయ్యకుండా చూసింది. ఆఖరికి ఆ చూపు రాణి మొహం మీదికి వచ్చి ఆగింది.

“అక్కా,” అంది.

రాణి నిమురుతున్న చెయ్యి ఆగిపోయింది.

మూసుకున్న తలుపు అవతల, మంటల చిటపటల మధ్య, ఎవరో చెక్క మీద అరచేతులతో తడుతున్నారు. మెల్లగా. నీరసంగా. ముసలి చేతులతో.

“ఒలే రాణీ... నానే... తలుపు తియ్యే.”

ఒళ్ళో ఉన్న మనిషి రాణి మణికట్టుని గట్టిగా పట్టుకుంది.

“తియ్యకక్కా,” అంది.