నూనెమడుగు

తీరానికి దూరంగా, పడవలవాళ్లు నూనెమడుగు అని పిలిచే చోటొకటి ఉంది. ఎప్పుడో అక్కడ ఓ నూనె ఓడ మనుషులతో సహా మునిగిపోయింది. గాలి ఎంత విసిరినా ఆ కాస్త మేర నీళ్లు కదలవంటారు. చుట్టు తిరిగైనా పోతారు గానీ, దాని మీదుగా ఎవరూ పోరు.

ఇది మా బావ చెప్పగా విన్నది. సముద్రంలో నూనె ఒలికితే వెళ్లి చూసే గస్తీ పడవ ఆయనది. మా అక్క ఒడ్డున ఆఫీసులో ఉపగ్రహం రాడార్‌తో తీసిన బొమ్మలు చూస్తుంది. రాడార్‌కి చీకటీ మబ్బూ అడ్డు కావు. అలలున్న నీరు బూడిదరంగులో కనిపిస్తుంది. నూనె తేలిన చోట అలలు అణిగిపోతాయి కాబట్టి నల్లగా పడుతుంది. ఓడలేమో తెల్లచుక్కల్లా మెరుస్తాయి.

ఓ ఉదయం బొమ్మలో నూనెమడుగు దగ్గర పొడవాటి నల్లచార పడింది. గాలి లేకపోయినా అలా రావచ్చు. కానీ ఆ పూట గాలి బాగానే ఉంది. వెళ్లి చూడమంది అక్క. ఇంట్లో ఎటూ ఆవిడ మాటే చెల్లుతుంది, సముద్రం మీదా అంతే అని బావ నవ్వుకుంటూ బయల్దేరాడు.

పడవ నడిపే సరంగు మాత్రం నవ్వలేదు. మునిగిన ఆ ఓడలో వాళ్ల నాన్న ఉన్నాడు. శవం కూడా దొరకలేదు.

చేరేసరికి పొద్దు వాలింది. చుట్టూ అలలు... మధ్యలో నీళ్లు అద్దంలా ఉన్నాయి. బావ సీసాలోకి నీళ్లు పట్టి వాసన చూశాడు. నూనే. అడుగున ఓడ తుప్పు పట్టి కారుతోంది, అంతే. దెయ్యమూ లేదు గియ్యమూ లేదని అందరి గుండెలూ కుదుటపడ్డాయి. ఉపగ్రహం సాయంత్రం మళ్లీ ఇటు వస్తుందని, నూనె ఎటు సాగుతోందో చూసి చెప్పేదాకా అక్కడే ఉండమని శాటిలైట్ ఫోన్లో అంది అక్క.

ఇంజను ఆపారు. చీకటి పడింది.

అప్పుడు... ఎడమ పక్క ఏదో మెత్తగా ఆనింది. రేవు గోడకి పడవ ఆనుకున్నట్టు.

టార్చి వేస్తే నీళ్లు తప్ప ఏమీ లేవు. కానీ పడవ ఊగడం మానేసింది —

ఫోను మోగింది.

"ఏమండీ," అక్క గొంతు తగ్గించి అడిగింది, "బొమ్మలో మీ పడవని ఆనుకుని ఉందే... ఆ పెద్ద ఓడ ఎవరిది?"

బావ మళ్లీ టార్చి తిప్పి చూశాడు. ఏ వైపని అడిగాడు.

"పడమట."

వాళ్లకి పడమటంటే ఎడమ పక్కే.

ఇంజను తిప్పారు. మోత పుట్టింది గానీ పడవ అంగుళం కదల్లేదు. సరంగు చుక్కాని వదిలేసి ఎడమ అంచు దగ్గరికి నడిచాడు. ఎదురుగా ఏమీ లేని చీకట్లోకి చెయ్యి చాపాడు. ఆ చెయ్యి గాల్లో... దేనికో ఆనినట్టు ఆగింది.

"నాన్నా," అన్నాడు చాలా మెల్లగా, "పిల్లలు ఎదురుచూస్తుంటారు. వదులు."

గాలి కూడా ఆగినట్టయింది. ఆ తర్వాత, ఎవరో తాడు విప్పినట్టు, పడవ ఒక్క ఊపు ఊగి ముందుకు దూకింది.

రేవు దీపం కిందకి చేరాక సరంగు పిడికిలి తెరిచి బావకి చూపించాడు.

అరచెయ్యి నిండా తుప్పు... ఇంకా తడిగా.