పదకొండో వరుసలో మరక

"రష్మి మన మనిషి. ఆమె హ్యాండ్లర్ దేవ్. నువ్వు జానిటర్ వేషంలో హాల్లో నేల తుడుస్తావ్," వ్యాన్‌లో కూర్చుని బ్రీఫింగ్ ముగించింది జయంతి. "డౌట్సేమైనా ఉన్నాయా కాలేబ్?"

కాలేబ్‌కి ఒక్కటే ఉంది. రెండేళ్లు తన కింద పనిచేసిన రష్మి, ఆర్నెల్ల క్రితం దేవ్‌నే తనని నడిపించే హ్యాండ్లర్‌గా ఎందుకు కోరుకుంది? అది బ్రీఫింగ్‌లో అడిగే ప్రశ్న కాదు.

"నో, మేడమ్."

నోవై పట్టణంలో ఉదయం పదిన్నర. పార్కింగ్ లాట్ నిండా మంచు. ఎదురుగా ఉన్న ప్రైవేటు లైబ్రరీలో పదకొండింటికి ఎగ్జిబిషన్ మొదలవుతుంది. యెరూషలేము దగ్గరి ఒక కొండ గురించి ఇద్దరు చరిత్రకారులు ముప్పై ఏళ్లుగా పోట్లాడుకుంటున్నారు. ఆ కొండ మీద ద్రాక్షతోట పెంచిన యూదుడొకడు వెయ్యేళ్ల క్రితం రాసిన హీబ్రూ ఉత్తరం ప్రొఫెసర్ మిరియం ఆడ్లర్ దగ్గర ఉంది. యూరప్‌లో తనవాళ్లందరినీ పోగొట్టుకున్న ఆమె తండ్రి దాన్ని ప్రాణంలా దాచుకున్నాడు. అదే కొండ మీది ఆలివ్ తోటకు టర్కీ సుల్తానుల కాలంలో ఇచ్చిన పట్టా డాక్టర్ యూసుఫ్ నజ్జార్ దగ్గర ఉంది. 1948లో కట్టుబట్టలతో ఊరు విడిచిన ఆయన తాత, వెంట తెచ్చుకున్న కాగితం అదొక్కటే. ఈరోజు రెండింటినీ ఒకే బల్ల మీద పెట్టి, కెమెరాల ముందు అల్ట్రావయొలెట్ లాంప్ కింద పరీక్షిస్తారు.

'జీరో డెస్క్' అనే విదేశీ ముఠాకి అదే అవకాశం. ఒక పత్రం తీసేసి నకిలీ పెడితే చాలు. లాంప్ వెలగగానే కొత్త కాగితమని తేలిపోతుంది. ఇవి దొంగ పత్రాలని ఒకరు, మార్చింది మీరేనని మరొకరు. సాయంత్రానికల్లా ఊరూరా తలలు పగులుతాయి.

పత్రాలు భద్రపరిచే నిపుణురాలిగా ముఠాలో చేరి, అక్కడి కబుర్లు ఏజెన్సీకి చేరవేస్తున్న డబుల్ ఏజెంట్ రష్మి. ఈరోజు ఇక్కడ పత్రాలు అమర్చే పని ఆమెదే. ముఠా గురి పట్టా మీదేనని కూడా ఆమే చెప్పింది. అందుకే నలుగురు గార్డులూ పట్టా దగ్గరే ఉన్నారు.

పది నలభై. మాప్ తోస్తూ కాలేబ్ ఓరగా చూశాడు. ఎర్ర కోటు వేసుకున్న రష్మి నవ్వుతూ దేవ్ టై సరిచేస్తోంది. ఒకప్పుడు తన టై కూడా అలాగే సరిచేసేది. ఆ నవ్వు చూడలేక కళ్లు కిందికి దించుకున్నాడు.

అప్పుడు కనిపించింది. ఆమె కుడిచెయ్యి దేవ్ టై మీద ఉంది. ఎడమచెయ్యి పక్కనే ఉత్తరం ఉన్న పెట్టెని మూస్తోంది. మరుక్షణం ఆ చెయ్యి కోటు లోపలికి వెళ్లి ఖాళీగా తిరిగొచ్చింది.

మాప్ హ్యాండిల్‌లోని మైక్‌లో గొణిగాడు. "మేడమ్, రష్మి ఉత్తరాన్ని మార్చేసింది."

"నువ్ చూశావా?"

"చెయ్యి చూశాను."

"కాలేబ్, నీ పర్సనల్ గోల ఇందులోకి తేకు. ప్రూఫ్ లేకుండా ఆమెని టచ్ చేస్తే ఆపరేషన్ మొత్తం పోతుంది."

అతనికీ అదే భయం. తను చూసింది దొంగతనాన్నా, చూడాలనుకున్నదాన్నా? పెట్టెలోని ఉత్తరాన్ని అప్పటికే స్టేజి మీద అద్దం కింద అమర్చేశారు. మిరియం లాంప్ పక్కన నిలబడి ఉంది. ఇంకెవరు తేల్చగలరు?

తెర వెనుక యూసుఫ్ ఒంటరిగా కనిపించాడు. కాలేబ్ బ్యాడ్జి చూపించాడు. "డాక్టర్, ఆ ఉత్తరం అసలుదేనా? ఒక్కసారి చూసి చెప్పండి."

ముసలాయన కళ్లద్దాలు సర్దుకుని తెర సందులోంచి, ఉత్తరాన్ని పెద్దదిగా చూపిస్తున్న స్క్రీన్ వైపు చూశాడు. "ముప్పై ఏళ్లుగా ఆ ఉత్తరం మీద కుళ్లుకుంటున్నాను. తప్పు దొరుకుతుందేమోనని ప్రతి అక్షరం చదివాను. పదకొండో వరుసలో నూనె మరక ఉండాలి. దీనికి లేదు." ఆయన గొంతు తగ్గింది. "నా పట్టా?"

"సేఫ్."

"అంటే లాంప్ వెలిగితే మిరియం ఒక్కతే అబద్ధాలకోరవుతుంది."

హాల్లో దీపాలు ఆరుతున్నాయి. యూసుఫ్ కదల్లేదు. ముప్పై ఏళ్ల పోట్లాట, నోరు మూసుకుంటే గెలుపు. మిరియం వేలు స్విచ్ మీదికి వెళ్లింది.

"ఆగు మిరియం!" తెర తోసుకుని స్టేజెక్కి లాంప్‌కి చెయ్యి అడ్డం పెట్టాడు యూసుఫ్. "ఇది నీ ఉత్తరం కాదు. నీది ఎవరో కాజేశారు. నేను మాత్రం కాదు."

రష్మి పక్క తలుపు వైపు పరుగెత్తింది. సబ్బునీళ్ల మీద ఆమె హైహీల్స్ జారాయి. కిందపడకుండా కాలేబే పట్టుకున్నాడు. రెండో చేత్తో కోటు లోపలి ఉత్తరం తీశాడు.

"దేవ్‌కే అనుమానం రాలేదు. నీకెలా వచ్చింది?" అంది రష్మి.

"దేవ్ నీ మొహం చూస్తున్నాడు. నేను చూడలేకపోయాను."

పావుగంట ఆలస్యంగా లాంప్ వెలిగింది. రెండు పత్రాలూ అసలువేనని తేలింది. కొండ ఎవరిదన్నది మాత్రం తేలలేదు. ఉత్తరం వయసు గురించి ఇద్దరూ మళ్లీ గొంతులు పెంచారు. కాకపోతే, మిరియం ఈసారి ఆయనకో కుర్చీ లాగి పెట్టి మరీ పోట్లాడింది.

వ్యాన్‌లో జయంతి రిపోర్ట్ తెరిచింది. "అనుమానానికి కారణం?"

"అనుభవం" అని టైప్ చేశాడు కాలేబ్.

ఆమె స్క్రీన్ వైపు చూసి అంది. "స్పెల్లింగ్ మిస్టేక్. అసూయ అని రాయాలి."