ఇరవై నాలుగో వంతు జీపు

“మేడమ్, మీ మిషన్ ఖరాబున్నట్టుంది” అంటూ ఆ అబ్బాయి కవర్‌లోంచి ప్లాస్టిక్ ముక్కలు తీసి కౌంటర్ మీద పెట్టాడు.

వనజకు ఒళ్లు మండింది. మిషన్‌ను అన్నందుకు కాదు, మామ వినేలా అన్నందుకు.

గద్వాల బస్టాండు వెనక ఉన్న ఆ ఫ్లెక్సీ షాపు ఆమె మేనమామ గణేష్‌ది. రెండేళ్ల కిందట ఆయన మోజుపడి ఒక త్రీడీ ప్రింటర్ కొన్నాడు. దేవుడి కీచైన్లు చేసి జాతరలో అమ్ముదామనుకున్నాడు. దేవుళ్లంతా ముక్కూ మొహం లేకుండా తయారయ్యేసరికి దాని మీద గుడ్డ కప్పేశాడు. వనపర్తిలో డిప్లొమా చేసి వచ్చిన వనజ ఆ గుడ్డ తీసింది. వీడియోలు చూస్తూ, ప్లాస్టిక్ తీగ తగలేస్తూ, మామ చేత తిట్లు తింటూ ఆరు నెలల్లో దాన్ని దారికి తెచ్చింది. ఇప్పుడు దారికొచ్చిన మిషన్ ఉంది, చేయించుకునేవాళ్లే లేరు. శుక్రవారం రాయచూరు నుంచి ఒకతను వచ్చి దీన్ని తీసుకుపోయి, బదులుగా లామినేషన్ మిషన్ దించుతాడు. మామ మాట ఇచ్చేశాడు.

“ఒక్క పని, ఒక్కటంటే ఒక్కటి, సక్కగ చేసి సూపియ్యి. అప్పుడు సూద్దాం” అన్నాడు ఆమె బతిమాలితే.

ఆ ఒక్క పనే ఇప్పుడు కౌంటర్ మీద రెండు ముక్కలై ఉంది. ఇవాళ సోమవారం.

చేయించుకున్నవాడి పేరు నాగేశ్. ఊరు గట్టు. గద్వాలలో ట్రాక్టర్ షోరూంలో స్పేర్ పార్ట్స్ కౌంటర్ దగ్గర పని. ఖాళీ ఉంటే చిన్న చిన్న మోడల్ కార్లు కట్టుకుంటాడు. అతనికి కావలసింది పాత కమాండర్ జీపు, అసలు బండిలో ఇరవై నాలుగో వంతు. అది ఏ కంపెనీ డబ్బాలోనూ దొరకదు, ప్రతి ముక్కా గీసి ప్రింట్ చేయాల్సిందే.

“సూడు మేడమ్, ముందర సన్నగ, ఎనుక లావుగ. పెండ్లికి ముందు ఫోటో, పెండ్లైనంక ఫోటో తెచ్చి అతికిచ్చినట్టుంది.”

“నువ్వు రాసిచ్చిన కొలతలే” అంది వనజ. కాలిపర్ తీసి ఒక్కో ముక్కనూ కొలిచి, అతని చీటీ పక్కన పెట్టి చూపించింది. వెంట్రుకవాసి తేడా లేదు. “మిషన్ మంచిగనే ఉంది. తప్పు నీ చీటీల ఉంది. పోయి జీపును మళ్ల కొలుసుకొని రా.”

నాగేశ్ చీటీ మడుస్తూ మెల్లగా అన్నాడు. “జీపు లేదు మేడమ్. మొన్న ఎండాకాలం తుక్కు కింద పోయింది. మా నాయిన ఇరవై మూడేండ్లు నడిపిండు, గట్టు నుంచి గద్వాలకి. అది పోయే ముందురోజు కొలిచినం, నేను, నాయిన. ఇగ కొలుస్తమంటే దొరకదు.”

వనజ కోపం సగం దిగింది. “దేంతోని కొలిసిండ్రు?”

“జానలతోని. టేపు కనవడలే. టేపెందుకుర, చెయ్యి లేదా అన్నడు నాయిన. నోట్‌బుక్కుల జానలు రాసుకున్న. తర్వాత నా జాన ఎంతనో చూసి, లెక్క కట్టి నీకిచ్చిన.”

వనజ అతని మొహంలోకి చూసింది. అరిచే సందర్భం కాదు, నవ్వే సందర్భమూ కాదు. “ఈ కౌంటర్ ఎన్ని జానలుంటది?”

నాగేశ్ చేయి చాపి కొలిచాడు. “ఏడు. ఒక వేలు ఎక్కువ.”

“మీ నాయిన కొలిస్తే?”

“నాయిననా? ఆరు, ఆరుంబావు. ఆయన చెయ్యి చాటంత ఉంటది...” అని ఆగిపోయాడు. మెల్లగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు. “ముందర సగం నాయిన కొలిచిండు. ఎనుక సగం నేను కొలిచిన.”

అప్పుడు నవ్వింది వనజ. ఆపుకుందామని చూసి, ఆగక నవ్వింది. నాగేశ్ తన తప్పు సంగతి మరిచిపోయి ఆ నవ్వునే చూస్తూ ఉండిపోయాడు. షాపు వెనక నుంచి మామ దగ్గు వినిపించాక ఇద్దరికీ సోయి వచ్చింది.

“ముందుగాల నీ జాన సరిగ కొలిసినవా, సూద్దాం” అని ఆమె స్టీలు స్కేలు పెట్టింది. అతను వేళ్లు చాచాడు. బొటనవేలు జరిగితే ఆమె దాన్ని పట్టుకుని సున్నా మీద పెట్టింది.

“చెయ్యెందుకు వణుకుతుంది?”

“స్కేలు సల్లగుంది.”

ఇరవై ఒక్క సెంటీమీటర్లు, చీటీకి అతను లెక్క కట్టిందీ అంతే. వెనక సగానికి ఢోకా లేదు. ముందు సగం కావాలంటే వాళ్ల నాయన చెయ్యి కావాలి.

“అడిగి కొలువు. గంతే గద.”

“చెప్తే అయిపాయె. జీపు పోయినప్పటి సంది ఆయన జీపుల అడ్డా దిక్కు పోతలేడు. దోస్తులు పిలిస్తే పానం బాగలేదంటడు. బొమ్మ చేస్తున్ననంటే గివేం ఆటలురా అంటడు. తయారైనంకనే ఆయన చేతుల పెట్టాలె.”

“అయితే పండుకున్నప్పుడు కొలుసుకొని రా. శుక్రవారం లోపల.”

మర్నాడు నాగేశ్ ఎర్రబడిన చెంపతో వచ్చాడు. “నాయిన దోమ అనుకుండు” అన్నాడు.

అలాగని ఖాళీగా కూర్చోలేదు ఇద్దరూ. జీపు పైన సామాన్లు వేసే క్యారియర్ తనే గీస్తానని పట్టుబట్టాడు నాగేశ్. వనజ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి నేర్పింది. అతను మొదటిసారి గీసిన క్యారియర్ ఎక్కడా దేన్నీ ఆనుకోకుండా గాల్లో నిలిచింది. ప్రింటర్ దాన్ని సేమ్యా కుప్పగా చేసి పెట్టింది.

“గాలిల ప్లాస్టిక్ నిలవడదు” అంది వనజ. “కింద ఊత పెట్టాలె. అయినంక ఊతను తీసేయాలె.”

“ఎప్పుడు తీయాలో ఎట్ల తెలుస్తది?”

“సల్లారినంక. తొందరపడితే ఇరుగుతది.”

బుధవారం సాయంత్రం వాన పట్టుకుంది. కరెంటు పోయి వచ్చింది, ప్రింట్ ఆగి మళ్లీ మొదలైంది. నాగేశ్ రెండో క్యారియర్ పొరపొరగా లేస్తుంటే ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చుని అద్దంలోంచి చూశారు. వానకు జడిసి లోపలికి వచ్చిన వాళ్లు ఏమనుకున్నారో గానీ వాళ్లిద్దరికీ ఆ క్యారియర్ తప్ప ఏదీ కనపడలేదు. నిజం చెప్పాలంటే నాగేశ్‌కు అప్పుడప్పుడు అద్దంలో వనజ మొహం కూడా కనిపించింది. ఊతలు తీస్తే క్యారియర్ విరగలేదు. వెనక జనం నిలబడి వేలాడే ఫుట్‌బోర్డు కూడా అతనే గీశాడు.

గురువారం పొద్దున్నే షాపులోకి ఒక పెద్దమనిషి వచ్చాడు. ఎత్తైన మనిషి, తెల్ల తువాలు. నమస్కారం లేదు, కుర్చీ వద్దన్నాడు.

“నా కొడుకు నాగేశ్ రోజు డ్యూటీ అయినంక ఈడనే ఉంటుండట. గట్టుకు పోయే ఆఖరి బస్సు తప్పిపోతుండు. ఏం పనమ్మ వానికి ఈడ?”

వనజ లేచి నిలబడింది. చెబితే నాగేశ్ ఆశ పోతుంది. చెప్పకపోతే ఈయన ఏం అనుకుంటున్నాడో ఆయన కళ్లలోనే ఉంది. ఏం చెప్పాలా అని తల దించుకుంటే కౌంటర్ మీద ఆనించిన చెయ్యి కనిపించింది. చాటంత చెయ్యి. స్టీరింగు తిప్పీ తిప్పీ కాయలు కాసిన చెయ్యి.

“పెద్దయ్యా, చెయ్యి జర అట్లనే ఉంచు. వేళ్లు సాపు.”

“ఏంది, జాతకం చూస్తవా?”

“జాతకం కాదు. జాన.”

నాగేశ్ తండ్రి కురుమయ్య తెల్లబోయాడు. కానీ ఆ పిల్ల గొంతులో భయం లేదు, మొహంలో దాపరికం లేదు. ఏమనుకున్నాడో, వేళ్లు చాపాడు. వనజ స్కేలు పెట్టి చూసింది. మళ్లీ చూసింది. సరిగ్గా ఇరవై నాలుగు.

జీపు ఇరవై నాలుగో వంతు. ఆయన జాన ఇరవై నాలుగు సెంటీమీటర్లు. అంటే ఆయన ఎన్ని జానలంటే బొమ్మలో అన్ని సెంటీమీటర్లు. ఏ లెక్కా అక్కర్లేదు. ఆనందం పట్టలేక ఆమె ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

“వాడు ఏ తప్పు పని చేస్తలేడు పెద్దయ్యా. రేపు పదకొండు గంటలకు రా. నువ్వే సూస్తవు.”

“రాకేం చేస్త” అన్నాడు కురుమయ్య, అనుమానం పూర్తిగా పోకుండానే.

ఆయన మెట్లు దిగగానే ప్రింటర్ మొదలైంది. ముందు సగం ఒక్కటే మళ్లీ వేయాలి. శుక్రవారం పదింటికి నాగేశ్ రెండు సగాలనూ దగ్గరికి తెచ్చాడు. అవి టక్కున కూర్చున్నాయి. గోరు దూరే సందు లేదు. నాగేశ్ గబగబా రంగు వేశాడు, తెలుపు మీద నీలం గీత. క్యారియర్ ఎక్కించాడు.

పదకొండింటికి బయట రాయచూరు అతని ఆటో ఆగింది. దాని వెనకే కురుమయ్య వచ్చాడు.

నాగేశ్ జీపును తండ్రి అరచేతిలో పెట్టాడు.

కురుమయ్య చాలాసేపు చూశాడు. బానెట్ మీద వేలు పెట్టాడు. వెనకకు తిప్పి ఫుట్‌బోర్డు చూశాడు.

“ఈడ పదిమంది నిలవడేటోళ్లు” అన్నాడు. “పత్తి తీయబోయే ఆడోళ్లు లోపల, మొగోళ్లు ఈడ. నాదేర ఇది. నా బండే.”

తువాలుతో కళ్లు తుడుచుకుని, ఎవరికీ చెప్పకుండా జీపు పట్టుకుని బయటకు నడిచాడు. జీపు పోయాక మొదటిసారి ఆయన అడ్డా వైపు పోయాడు.

గణేష్ మామ వనజను చూశాడు, ఆటో అతన్ని చూశాడు. “పని మంచిగ చేసినవు బిడ్డ, కాదనను. కానీ ఒక్క జీపుతోని మిషన్ నడుస్తదా?”

ఆటో అతను ప్రింటర్ వైర్లు చుట్టడం మొదలుపెట్టాడు.

అంతలో మెట్ల మీద చెప్పుల చప్పుడు. కురుమయ్య ముందు, ఆయన వెనక అడ్డా మీది పాత డ్రైవర్లు, తొమ్మిది మంది.

“నాది ట్రాక్స్ బండి అమ్మ, పచ్చది” అన్నాడు ఒకాయన.

“నాది గూడ కమాండరే. బండి లేదు గాని కొలతలు జానల లెక్కన నోటికే ఉన్నయి” అన్నాడు వెంకటయ్య అనే ఇంకొకాయన. “జాన కొలవాలంట గద. కొలువు.”

కౌంటర్ మీద తొమ్మిది చేతులు వరసగా పరుచుకున్నాయి. వనజ స్కేలు తీసింది. కళ్లలో నీళ్లకు అంకెలు సరిగా కనపడలేదు.

గణేష్ మామ ఆటో అతని భుజం తట్టాడు. “అన్నా, వైర్లు ఇప్పు. చాయ్ తాగి పో.”

సందడి తగ్గాక నాగేశ్ ఆమె పక్కకు వచ్చి నిలబడ్డాడు. “జీపు అయిపాయె. రేపటి సంది ఏం సాకు చెప్పి రావాలె?”

“సాకెందుకు? ఊకనే రా.”

“ఊకనే రాలేను వనజా. నువ్వంటే ఇష్టం. గందుకే వస్త.”

“తెలుసు” అంది వనజ. “స్కేలు సల్లగలేకుండె ఆ రోజు. నాకూ నువ్వంటే ఇష్టం.”

వెనక కురుమయ్య గొంతు సవరించుకున్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు.

“అమ్మా, నిన్న నా చెయ్యి అడుగకుండనే కొలిచినవు. ఇయ్యాల నేను అడిగి పెడుత. ఈ చెయ్యి నీ నెత్తి మీద పెట్టనా?”

వనజ నాగేశ్‌ను చూసింది. గణేష్ మామను చూసింది. మామ తల ఊపాడు. ఆమె వంగింది.

“పెట్టు మామా” అంది కురుమయ్యతో.

ఇరవై నాలుగు సెంటీమీటర్ల చెయ్యి ఆమె తల నిండా పరుచుకుంది.