ఇంటికొచ్చిన స్కాలర్‌షిప్పు

ఆవకాయ కలిపి మూడో రోజు. వంటింటి వెనక వసారాలో కూర్చుని మహాలక్ష్మి జాడీలకు కట్టిన గుడ్డలు విప్పి, పైకి తేలిన నూనె ముక్కలకు పట్టేలా తిరగకలుపుతోంది. తోడికోడలు నాగేశ్వరమ్మ పక్కనే పీట వేసుకుని, ఈ ఏడు ఉప్పు సరిపోయిందో లేదోనని వేలితో తీసి నాలుక మీద వేసుకుని చూస్తోంది. వీధి గదిలో పెద్దాయన చంద్రశేఖరం మిల్లుకు బయల్దేరబోతూ తమ్ముడు వెంకటకృష్ణారావుకు ఆ రోజు పనులు పురమాయిస్తున్నాడు. తిరువూరు బజారులో ఇంకా ఒకే పొయ్యి మీద వండుకుంటున్న షావుకారు ఇళ్ళు కొన్నే మిగిలాయి. అందులో ఇదొకటి.

ఆ సమయంలో హైస్కూలు హెడ్మాస్టరు సీతారామారావు గారు గొడుగు మడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చారు. ఆయన ఈ ఇంటికి రావడం అదే మొదలు. స్కూలు ఫైనలు ఫలితాలు వచ్చి అప్పటికి వారమైంది. ఈ ఇంటి పిల్లలిద్దరూ పాసయ్యారు. నాగేశ్వరమ్మ కూతురు ప్రేమావతీ, మహాలక్ష్మి కొడుకు భాస్కరరావూ. ఇద్దరిదీ ఒకే క్లాసు, నెలల తేడా.

"శుభవార్త చెప్పడానికి వచ్చానండీ" అన్నారు హెడ్మాస్టరు గారు. "మెరిట్ స్కాలర్‌షిప్పు వచ్చింది, మీ ఇంటికి."

మహాలక్ష్మి చేతిలో గరిటె ఆగిపోయింది. గుండె ఒక్కసారి ఎగిరింది. కాలేజీకి వెళ్ళబోయేవాడు ఆ ఇంట్లో తన కొడుకొక్కడే. వాడికి విజయవాడలో సీటు కోసం మాట్లాడటం, కొత్త ట్రంకు పెట్టె కొనడం కూడా అయిపోయాయి.

"ప్రేమావతికండీ. గుంటూరు ఆడపిల్లల కాలేజీలో ఇంటర్ మొదటి సంవత్సరంలో చేరితే ఫీజూ హాస్టలు ఖర్చూ అన్నీ ప్రభుత్వమే భరిస్తుంది. మన స్కూలు నుంచి ఎవరికైనా రావడం ఇదే తొలిసారి. కాలేజీ తెరిచేలోగా మీ ఒప్పుదల పంపాలి. లేకపోతే వరసలో తర్వాతి పిల్లకి వెళ్ళిపోతుంది" అని ఆయన వివరంగా చెప్పారు.

మహాలక్ష్మి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మోచేత్తో తుడుచుకుంటూ, కారం ఘాటమ్మా అంది, ఎవరూ అడక్కుండానే. మావాడికి రాలేదు అన్న మాట ముందు తోసుకొచ్చింది ఆమె మనసులోకి. ప్రేమకి వచ్చిందన్నది దాని వెనకెక్కడో నిలబడింది. అందుకు తన మీద తనకే సిగ్గేసింది.

నాగేశ్వరమ్మ కూతురికొచ్చిన వార్త విని లేవనైనా లేవలేదు. తోడికోడలి వంక దొంగచూపు చూసి, జాడీకి గుడ్డ కట్టడంలో మునిగిపోయింది. ప్రేమావతి వంటింటి తలుపు దాకా పరుగెత్తుకొచ్చి, పిన్ని మొహం చూసి అక్కడే ఆగిపోయింది. చంద్రశేఖరం హెడ్మాస్టరు గారికి మజ్జిగ ఇప్పించి, ఆలోచించి చెబుతామని సాగనంపాడు.

ఆ పూట ఇంట్లో పాయసం లేదు, బూరెలు లేవు. పప్పూ చారూ మామూలే. అందరూ మెల్లగా మాట్లాడుకుంటున్నారు. మహాలక్ష్మి వసారాలోకి వస్తే మాటలు ఆగిపోతున్నాయి. మంచి కబురు విన్న ఇల్లులా కాక, రోగి పడుకున్న ఇల్లులా ఉంది. ఆ రోగిని నేనే కాబోలు అనుకుంది మహాలక్ష్మి. తన కష్టం కన్నా వీళ్ళ జాగ్రత్త ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

మధ్యాహ్నం భాస్కరరావు తల్లి దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. కొడుకుని ఓదార్చాలని ఆమె ఏదో మొదలుపెట్టబోతే వాడు నవ్వేశాడు. పరీక్షల ముందు రోజూ సాయంత్రం డాబా మీద ప్రేమక్కే తనకి లెక్కలు చెప్పిందనీ, ఆల్జీబ్రా బుర్రకెక్కక తను పుస్తకం విసిరేస్తే తెచ్చి మళ్ళీ చేతిలో పెట్టిందనీ చెప్పాడు.

"అక్క లేకపోతే నేను పాసే అయ్యేవాణ్ణి కాదమ్మా. దానికి కాక నాకెందుకొస్తుంది? కానీ పెదనాన్న దాన్ని పంపరంట. నాన్నతో అంటుంటే విన్నాను. మనం చిన్నబుచ్చుకుంటామంట."

మహాలక్ష్మికి అప్పుడు అర్థమైంది ఇంట్లో పాయసం ఎందుకు లేదో. పొద్దున తనకు కలిగిన ఆ నొప్పి అప్పటికే సగం చల్లారింది. ఇప్పుడు దాని స్థానంలో వేరే మంట లేచింది. ప్రేమ ఇంకా పాలు తాగే వయసులో నాగేశ్వరమ్మకు జబ్బు చేస్తే, భాస్కరంతో పాటు ఆ పిల్లకీ పాలిచ్చింది తను. అలాంటిది తన పేరు చెప్పి ఆ పిల్ల కాళ్ళు కట్టేస్తారా?

సాయంత్రం అన్నదమ్ములిద్దరూ మిల్లు నుంచి వచ్చి భోజనానికి కూర్చున్నారు. నాగేశ్వరమ్మ వడ్డిస్తోంది. మహాలక్ష్మి ఎప్పటిలాగే వంటింటి తలుపు చాటున ఉంది. ఈ ఇంటికి కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆమె బావగారి ఎదుట నిలబడి మాట్లాడింది లేదు. ఏదైనా చెప్పాలంటే పిల్లల చేత చెప్పించేది, లేదా తోడికోడలి చెవిలో వేసేది. ఆ ఇంటి పద్ధతి అది.

"రేపు మాస్టారికి కబురు చేస్తాను" అన్నాడు చంద్రశేఖరం, ముద్ద కలుపుతూ. "అమ్మాయిని అంత దూరం పంపే ఉద్దేశం లేదని. భాస్కరం ఎలాగూ విజయవాడ వెళ్తున్నాడు. ఇంటికి ఒక్కడు చదివితే చాలు."

వెంకటకృష్ణారావు అన్నగారి మాటకు ఎన్నడూ ఎదురాడని మనిషి. అప్పుడూ విస్తరి వంకే చూస్తూ, నీ ఇష్టం అన్నయ్యా అన్నాడు. గోడవారగా కూర్చున్న ప్రేమావతి తల వంచుకుంది. ఆ పిల్ల ఏడవలేదు, వాదించలేదు. ఆ మౌనం చూసి మహాలక్ష్మి కాళ్ళు వాటంతటవే కదిలాయి. కొంగు భుజం నిండా కప్పుకుని తలుపు ఇవతలికి వచ్చి నిలబడింది.

"బావగారూ."

అందరి చేతులూ ఆగిపోయాయి. నాగేశ్వరమ్మ నేతి గిన్నె పట్టుకుని బొమ్మలా నిలబడిపోయింది.

"నా పేరు చెప్పి అమ్మాయి చదువు ఆపకండి" అంది మహాలక్ష్మి. "నాకు బాధ కలగలేదని అబద్ధం చెప్పను. పొద్దున మాస్టారు చెప్పినప్పుడు మావాడిది కాదే అనిపించింది. తల్లిని కదా, అనిపించింది. ఆ బాధ ఈ సాయంత్రానికి లేదు. మీరు చేయబోయే పని మాత్రం అలా పోదండీ. రేపటి నుంచీ నన్ను చూసినప్పుడల్లా ప్రేమకి తను వెళ్ళని కాలేజీ గుర్తొస్తుంది. అది కన్న కూతురులా నా దగ్గర పడుకునే పిల్ల. నన్ను చూసి అది మొహం తిప్పుకునే రోజు నాకొద్దు."

చంద్రశేఖరం కలిపిన ముద్ద విస్తట్లో పెట్టేశాడు. తమ పెదనాన్న గారి ఇల్లు ఎలా విడిపోయిందో తను చిన్నప్పుడు కళ్ళారా చూశానన్నాడు. ఒకరి పిల్లాడు గొప్ప, ఒకరి పిల్లాడు తక్కువ అన్న మాటతోనే మొదలైందట. చివరికి నడిమింట్లో గోడ లేచింది. ఆ గోడ తన ఇంట్లో లేవకూడదనే ఇంతకాలం ఎవరికీ ఎక్కువ కాకుండా, ఎవరికీ తక్కువ కాకుండా చూసుకుంటూ వచ్చానన్నాడు.

"అమ్మాయి మార్కులు చూసి మిల్లులో ఒక్కణ్ణే కూర్చుని మురిసిపోయానమ్మా. ఇంటికొచ్చి నవ్వడానికి భయమేసింది" అన్నాడు.

"నవ్వండి బావగారూ. మేమూ నవ్వుతాం" అంది మహాలక్ష్మి. "మీరు దాచుకుంటేనే మాకు పరాయితనం."

అప్పటిదాకా తల ఎత్తని వెంకటకృష్ణారావు అన్న వైపు తిరిగి, తోడికోడళ్ళ మధ్య ఏ గోడా లేదు, ఉన్నదల్లా మన బుర్రల్లోనే అన్నయ్యా అన్నాడు. అన్న మాటకు అతను ఎదురు చెప్పడం అదే మొదటిసారి. చంద్రశేఖరం ముందు ఆశ్చర్యపోయాడు, తర్వాత పెద్దగా నవ్వాడు. కళ్ళు తుడుచుకుంటూనే కూతుర్ని దగ్గరికి పిలిచి, గుంటూరులో ఎండలెక్కువ తట్టుకోగలవా అని అడిగాడు. ప్రేమావతి జవాబు చెప్పకుండా తిన్నగా వెళ్ళి పిన్ని నడుము చుట్టూ చేతులు వేసి, ఆమె భుజంలో మొహం దాచుకుంది. రోజంతా అణచుకున్న ఏడుపు అప్పుడొచ్చింది ఆ పిల్లకి. నాగేశ్వరమ్మ నేతి గిన్నె కింద పెట్టేసి ఇద్దర్నీ కలిపి పట్టుకుంది.

ఆ తర్వాత ఇంట్లో హడావుడికి అంతులేదు. మర్నాడు బూరెలు వండి బజారంతా పంచారు. ఆడపిల్లని అంత దూరమా అని ముక్కున వేలేసుకున్నవాళ్ళకు చంద్రశేఖరమే నిలబడి సమాధానం చెప్పాడు. తన అప్పచెల్లెళ్ళకి పాఠశాల గుమ్మమైనా తెలియదని బాధపడే హెడ్మాస్టరు గారి భార్య ప్రేమావతికి రెండు కొత్త చీరలు తెచ్చి పెట్టి వెళ్ళింది. కాలేజీ పిల్ల కాబట్టి ఇక లంగా ఓణీలు చాలని ఆవిడ తీర్పు. చీర కట్టుకోవడం రాక ప్రేమావతి నడవలో తట్టుకుని పడితే, భాస్కరరావు వారం రోజులు అలాగే తడబడుతూ నడిచి చూపించాడు.

బయల్దేరే రోజు నాగేశ్వరమ్మ తను రానంది. తనకు బస్సు ఎక్కితే తల తిరుగుతుందనీ, అమ్మాయి పక్కన మహాలక్ష్మి ఉంటే తను ఉన్నట్టేననీ చెప్పి, ఆమెనూ మరిదినీ పిల్ల వెంట పంపింది. తిరువూరు బస్సు విజయవాడ చేర్చింది. అక్కడ రైలెక్కారు. కృష్ణ వంతెన మీద చక్రాలు దడదడలాడుతుంటే ప్రేమావతి కిటికీలోంచి మెడ చాచి నదిని చూస్తూ కూర్చుంది. మహాలక్ష్మి ఆ పిల్లని చూస్తూ కూర్చుంది.

కాలేజీలో ఆ మర్నాడు కొత్తగా చేరిన పిల్లలనూ, వాళ్ళతో వచ్చినవాళ్ళనూ హాల్లో కూర్చోబెట్టారు. తెల్లచీర కట్టుకున్న ప్రిన్సిపాలమ్మ, స్కాలర్‌షిప్పు తెచ్చుకున్నవారి పేర్లు చదువుతాననీ, పేరు వినగానే ఆ అమ్మాయీ, ఆమె తల్లీ లేచి నిలబడాలనీ చెప్పింది. ఈ చదువు వెనకున్న తల్లులను కూడా ఈ హాలు చూడాలంది. ఒక్కొక్క పేరుకీ ఒక్కొక్క తల్లి సిగ్గుపడుతూ లేచింది.

"తిరువూరు. ప్రేమావతి."

ప్రేమావతి లేచింది. మహాలక్ష్మి లేవలేదు. తల్లి ఊళ్ళో ఉంది కదా, తను నిలబడితే అక్కయ్య చోటు తీసుకున్నట్టవుతుందని ఆమె సంకోచం. పిల్ల వంగి ఆమె చెయ్యి పట్టుకుంది.

"అమ్మ నిన్ను పంపింది ఇందుకే పిన్నీ" అంది.

మహాలక్ష్మి లేచి నిలబడింది. హాలంతా చప్పట్లు. ఎవరో పక్కనుంచి, తల్లీ కూతుళ్ళది ఒకే పోలిక అన్నారు. ఆమె కాదనలేదు. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నా తుడుచుకోకుండా, తనకూ కలిపి కొడుతున్నారన్న సంగతే మరిచిపోయి, తనే అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది. తర్వాతి పేరు చదివారు, ఆ తర్వాతిదీ చదివారు. వెనక వరసలోంచి వెంకటకృష్ణారావు మెల్లగా, ఇక చాలు కూర్చోవే, అందరూ చూస్తున్నారన్నాడు.

"చూడనివ్వండి" అంది మహాలక్ష్మి.