ఇటలీ నుంచి తిరిగొచ్చిన పెట్టె

అమ్మణ్ణిగారు కొడుకు స్కూటరు మీద అక్షింతలు వేస్తుండగా లోపల ఫోను మోగింది.

స్కూటరు కొత్తదేమీ కాదు. రిపేరుకు వెళ్లి ముందురోజే ఇంటికొచ్చింది. అయినా ఆ ఇంట్లో గుమ్మం దాటే ప్రతిదానికీ అక్షింతలు పడాల్సిందే. కూతురు సాయిప్రసన్నకు నిడదవోలులో రైలెక్కే ముందు ప్లాట్‌ఫారం మీదే వేశారావిడ. పక్కింటివాళ్ల గేదె అమ్ముడుపోయినప్పుడు కూడా రెండు గింజలు విసిరారని కొడుకు సాయిరామ్ ఎగతాళి చేస్తుంటాడు. ఆవిడ పట్టించుకోరు.

ఫోను ఆవిడ భర్త అమ్మిరాజుగారు ఎత్తారు. మద్రాసు నుంచి శాంతికుమార్. ఓడకెక్కే సరుకుల కాగితాల పని చూసే ఏజెంటు.

"సార్, మన లేసు పెట్టెను ఇటలీ పోర్టులో ఆపేసేరండి. విప్పి చూస్తే లోపల ఏదో రంగుపొడి ఉందట. పురుగులు కూడా ఉన్నాయట. కెమికల్ ఏమోనని అనుమానపడుతున్నారు. గుడ్డలన్నీ మరకలట. కొన్నవాళ్లు వద్దనేశారు. పెట్టె వెనక్కి వస్తుందండి."

అమ్మిరాజుగారు కుర్చీ కోసం వెనక్కి తడుముకున్నారు.

నరసాపురంలో లేసు వ్యాపారం వాళ్ల నాన్నగారి నాటిది. చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు అల్లిన లేసు దుప్పట్లు, టేబుల్ క్లాతులు కొని బొంబాయి షేట్లకు పంపేవారు. వెన్న వాళ్లు తినేవాళ్లు, మజ్జిగ వీళ్లకు మిగిలేది. కోడలు ఫణిశ్రీ వచ్చాక దారి మారింది. బీకాం చదివిన పిల్ల. ఇటలీ కంపెనీకి తనే ఉత్తరాలు రాసి, నమూనాలు పంపి, ఆర్డరు తెచ్చింది. ఈ ఇంటి పేరుతో సముద్రం దాటిన మొదటి పెట్టె అది. అందులో ఎనిమిది నెలల అల్లిక ఉంది.

ఆ ఆర్డరు వచ్చిన రోజునే అమ్మిరాజుగారు సరుకు గది తాళాలు కోడలి చేతికిచ్చారు. అంతవరకూ అవి అమ్మణ్ణిగారి బొడ్లో ఉండేవి. ఆవిడ కాదనలేదు. కానీ ఆ తర్వాత చాలా రోజులు, ఏదో వెతుక్కుంటున్నట్టు చెయ్యి నడుం దగ్గరికి వెళ్లేది.

"పొడి దానంతటదే నడిచొచ్చి పెట్టెలో పడుకుందా?" అన్నారు అమ్మణ్ణిగారు, సంగతి విన్నాక. "ఎవరో వెయ్యాలి. గది తాళాలు ఎవరి దగ్గరున్నాయి?"

కాఫీ గ్లాసులు తీస్తున్న ఫణిశ్రీ ఒక్క క్షణం ఆగి, మళ్లీ తియ్యసాగింది.

అనుమానం చీమలాంటిది. ఒకటి దారి కనిపెడితే చాలు, వెనకాలే బారు కడతాయి. పెట్టె కట్టే ముందురోజు పాలకొల్లు నుంచి ఫణిశ్రీ మేనమామ అచ్చిబాబు వచ్చాడని అమ్మణ్ణిగారికి గుర్తొచ్చింది. అతనిదీ లేసు వ్యాపారమే. జామకాయల సంచీ ఇచ్చి, కబుర్ల మధ్యలో, "ఓడ ఎప్పుడమ్మా?" అని అడిగాడు. అప్పుడు అది మామూలు మాట. ఇప్పుడు అందులో వంద అర్థాలు కనిపించాయి.

మర్నాడు పాపాయి వచ్చింది. అల్లేవాళ్లందరికీ పెద్ద. నూలు పంచి, అల్లిన ముక్కలు పోగుచేసి తెచ్చేది ఆమే. అమ్మణ్ణిగారు ఆమెను వంటింట్లో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి మరీ అడిగారు.

"పెట్టె కట్టే ముందురోజు నువ్విక్కడే ఉన్నావు కదే. గదిలోకి ఎవరెళ్లేరు?"

పాపాయి గ్లాసులోకి చూస్తూ కూర్చుంది. "దీపాలేళ కోడలమ్మగారు ఒక్కరే వెళ్లేరండి. తలుపేసుకున్నారు."

అంతే. ఆ సాయంత్రం నుంచి ఇంట్లో గాలి మారిపోయింది. ఫణిశ్రీ హాల్లోకి వస్తే మాటలు ఆగిపోయేవి. ఫోను మోగితే అత్తగారు ముందుగా లేచేవారు. పాలకొల్లు ఫోనైతే అక్కడే నిలబడి అరటికాయ చెక్కు తీసేవారు. బీరువా తాళం వేసి ఉందో లేదో కోడలు చూస్తుండగానే లాగి చూశారు ఒకసారి. ఫణిశ్రీ చూపు తిప్పుకుంది గానీ, ఆ పూట ఆ పిల్లకు అన్నం సహించలేదు.

సాయిరామ్ మంచివాడే. అయితే మంచితనం ఒక్కటే ఉండి నోరు లేకపోతే ఆ మంచితనం ఎవరికీ పనికిరాదు. నూతి దగ్గర గెడ్డం గీసుకుంటూ అద్దంలో కనిపిస్తున్న భార్యను అడిగాడు.

"ఆ రోజు గదిలోకి వెళ్లేవా?"

"వెళ్లేను."

"ఎందుకు?"

"చెప్పకూడదండి. ఇంకొకరి పరువు అది. పొడి నేను వెయ్యలేదు. ఇంతకంటే ఏం చెప్పమంటారు?"

"నేను నమ్ముతాను. అమ్మకేం చెప్పను?"

"నమ్ముతున్నానని చెప్పండి."

అతను గెడ్డం గీసుకోవడం పూర్తి చేశాడు. వాళ్లమ్మకు మాత్రం ఏమీ చెప్పలేదు.

ఆదివారం అచ్చిబాబు వచ్చాడు. ఎవరి నోట విన్నాడో గానీ, ఈసారి చేతిలో జామకాయలు లేవు.

"అమ్మిరాజుగారండి, నా మేనకోడలు మీ సరుకులో మందు కలిపిందనుకుంటున్నారట. నిజమేనా?"

అమ్మిరాజుగారు పేపరు మడిచారు. అమ్మణ్ణిగారే ముందుకొచ్చారు.

"అనుకోడం కాదండి అచ్చిబాబుగారు, అడుగుతున్నాం. ఆ ఇటలీ వాళ్లు ముందు మీ సరుకు చూసి వద్దనుకున్నవాళ్లే కదా. మాకు ఆర్డరు రావడం మీకు బాధగా ఉండదా?"

"ఉంటుంది. వ్యాపారస్తుణ్ణి, నాకు బాధుండదా? అందుకని పిల్ల కాపురంలో నిప్పులు పోస్తానా?"

"మరి పొడి ఎక్కణ్ణుంచి వచ్చింది? దీపాలేళ గదిలో తలుపేసుకుని ఏం చేసింది? అడగండి మీ పిల్లని."

అందరూ ఫణిశ్రీ వైపు చూశారు. గుమ్మంలో ఉన్న పాపాయి మాత్రం తల దించుకుంది.

"గదిలోకి వెళ్లిన మాట నిజమండి అత్తయ్యగారు. ఎందుకో చెప్పలేను."

"చెప్పలేవు. ఎలా చెబుతావు?" అన్నారు అమ్మణ్ణిగారు. "పాతికేళ్లు ఆ తాళాలు నా దగ్గరున్నాయి. ఒక్క నూలుపోగు మాసిందన్న మాట రాలేదు. నీ చేతికి వచ్చిన మొదటి పెట్టెకే పురుగులు పట్టేయి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు."

ఆ మాటకు అమ్మిరాజుగారు కూడా ఉలిక్కిపడ్డారు.

ఫణిశ్రీ లోపలికి వెళ్లి తాళాలు తెచ్చి అత్తగారి ముందు బల్ల మీద పెట్టింది.

"పదమ్మా, మనింటికి పోదాం," అన్నాడు అచ్చిబాబు.

"నేను రాను మావయ్యా. ఇప్పుడొస్తే దొంగతనం ఒప్పుకుని వచ్చినట్టే." అత్తగారి వైపు తిరిగింది. కళ్లు నిండాయి గానీ మాట తొణకలేదు. "పెట్టె రానివ్వండి. అందరి ముందూ విప్పండి. నా తప్పుంటే, మీరు చెప్పక్కర్లేదు, నేనే పాలకొల్లు బస్సెక్కుతాను. మావయ్యా, ఆ రోజు నువ్వు కూడా రావాలి."

పెట్టె ఆషాఢంలో వచ్చింది. ముసురు పట్టి వీధంతా బురదగా ఉంటే లారీ నుంచి నలుగురు మోసుకొచ్చి హాల్లో దింపారు. వెళ్లినప్పటి కంటే చిన్నదైనట్టు కనిపించింది. మీద రకరకాల ముద్రలు, కొత్త మేకులు. అచ్చిబాబు గోడవార నిలబడ్డాడు. పాపాయి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

సాయిరామ్ మూత ఊడదీశాడు. ముక్కిన బియ్యం వాసన గుప్పుమంది. పైనున్న దుప్పట్లు బాగానే ఉన్నాయి. కింది వరసలకు వచ్చేసరికి తెల్లటి పూల మీద పసుపు మరకలు, మడతల్లో చచ్చిన పురుగులు. అది చూసి పాపాయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఒక్కో పువ్వు వెనకా ఎవరి నడుం ఎంత నొప్పెట్టిందో ఆమెకు తెలుసు.

ఫణిశ్రీ వంగి ఒక్కో దుప్పటీ తీసి పక్కన పెడుతోంది. అడుక్కి చెయ్యి పెట్టి ఏదో పట్టుకుంది. చూసింది. వెంటనే గుప్పిట మూసేసింది.

"ఏంటమ్మా అది?" అన్నాడు అచ్చిబాబు.

"ఏం లేదు మావయ్యా. చెత్త."

అమ్మణ్ణిగారి కళ్లు ఆ గుప్పిట మీదే ఉన్నాయి. "చూశారా? అందరి ముందూ దాస్తోంది. చెయ్యి విప్పు."

"వద్దండి అత్తయ్యగారు."

"విప్పమంటున్నాను."

"నా మాట వినండి. వద్దు."

అమ్మణ్ణిగారు ఒక్క అడుగులో వచ్చి కోడలి మణికట్టు పట్టుకుని, వేళ్లు ఒక్కొక్కటే తెరిచారు.

అరచేతిలో చిన్న గుడ్డముక్క ఉంది. పోర్టులో ఎవరో కత్తితో కోశారు గానీ ముడి అలాగే ఉంది. చిలకాకుపచ్చ అంచున్న వాయిలు చీర ముక్క. సగం చీర ఇంకా అమ్మణ్ణిగారి బట్టల పెట్టెలోనే ఉంది. ముడిలో తడికి నల్లబడిన బియ్యపు గింజలు నాలుగు అంటుకున్నాయి. ముడి చుట్టూ పసుపు.

మనిషికి తన చేతి మీద అనుమానం అన్నిటికంటే ఆఖరున వస్తుంది. కొన్నిసార్లు అసలు రాదు. అమ్మణ్ణిగారు కోడలి చెయ్యి వదల్లేదు. పట్టుకునే నెమ్మదిగా కింద కూర్చున్నారు.

"నేనే," అన్నారు. "అక్షింతలు. నేనే వేసేను."

అమ్మిరాజుగారు దగ్గరికొచ్చి ముడిని చూశారు.

"మేకులు కొట్టడానికి వడ్రంగి సుత్తి తెచ్చుకునేలోపు అడుక్కి తోసేను. బొంబాయి పెట్టెలన్నిట్లోనూ వేసేదాన్ని. ఎవరూ ఏమీ అనలేదే. ఇదేమో సముద్రం దాటుతోంది. మన ఆడపిల్లలు కళ్లు పోగొట్టుకుని అల్లింది, అంత దూరం ఒట్టి ఒడితో ఎలా పంపను అనుకున్నాను." ఆవిడకు ఏడుపు ముంచుకొచ్చింది. "పొడి అన్నారు, మందు అన్నారు. నా అక్షింతల్ని పొడి అంటారని నాకెలా తెలుస్తుంది?"

బొంబాయి రెండు రోజుల రైలు. ఇటలీకి ఓడలో తేమ, ఉక్క, వారాల తరబడి చీకటి. పసుపు కారింది, బియ్యం పురుగు పట్టింది. అదంతా ఇప్పుడు అందరికీ అర్థమైంది.

"చూడగానే పోల్చుకున్నావు కదా," అన్నారు అమ్మణ్ణిగారు కోడలి ముఖంలోకి చూస్తూ. "ఎందుకు దాచేవు? నన్ననడానికి నీకు ఇంతకంటే మంచి రోజు దొరుకుతుందా?"

"మీ చీరలు నేనే కదండీ మడతపెట్టేది," అంది ఫణిశ్రీ. అన్నాళ్లూ ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది. "ఇందరి ముందు నిలబడి మాటనిపించుకుంటే ఎలా ఉంటుందో నాకు తెలుసండి. మీకది వద్దనుకున్నాను."

అమ్మణ్ణిగారు ఆ చేతిని కళ్లకద్దుకుని వెక్కి వెక్కి ఏడ్చారు.

గుమ్మం దగ్గర్నుంచి పాపాయి మాట వినిపించింది. "నా తప్పు కూడా ఉందండి అమ్మగారు. నాకు కళ్లు మసకలేసేయండి. పెద్ద దుప్పట్లో రెండు పూలు తప్పు అల్లేను. కోడలమ్మగారు చూసి, ఎవరికీ చెప్పొద్దని, దీపాలేళ తలుపేసుక్కూర్చుని విప్పి మళ్లీ అల్లేరండి. నా పని పోతుందని ఆవిడ నోరు కట్టేసుకున్నారు. నేనేమో అదే భయంతో ఆవిణ్ణే చూపించేను. నా పాపం ఎక్కడికి పోద్దండి."

సాయిరామ్ లేచి భార్య పక్కకు వచ్చి కూర్చున్నాడు. "మొదటి రోజే చెప్పాల్సిన మాట అమ్మా," అన్నాడు తల్లితో. "దీన్ని నేను నమ్మేను. నీకు చెప్పే ధైర్యం లేకపోయింది."

"ధైర్యం లేని మొగుణ్ణీ, నోరున్న అత్తనీ ఇచ్చేడు దేవుడు దీనికి," అన్నారు అమ్మణ్ణిగారు ముక్కు తుడుచుకుంటూ. అంత ఏడుపులోనూ అచ్చిబాబు నవ్వేశాడు.

ముసురు విడిచాక మేడ మీద దుప్పట్లు ఉతికి ఆరేశారు. పసుపు మరక సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. ఎండ తగిలితే పోతుంది. చాలా మటుకు పోయింది. కొన్ని బొంబాయికి నష్టానికి అమ్మారు. అసలు సంగతి దాచకుండా ఇటలీకి రాద్దామంది ఫణిశ్రీ. నవ్వుతారేమోనని అమ్మిరాజుగారు వెనకాడినా, ఆ పిల్ల రాసింది. నవ్వారో లేదో తెలియదు గానీ, ఓ చిన్న ఆర్డరు మళ్లీ వచ్చింది. పాపాయికి కళ్లద్దాలు కూడా వచ్చాయి.

కార్తీకంలో రెండో పెట్టె సిద్ధమైంది. తాళాలు ఫణిశ్రీ బొడ్లో ఉన్నాయి. అమ్మణ్ణిగారే తన చేత్తో దోపారు. వడ్రంగి మేకులు కొట్టాడు. లారీ వీధిలో ఆగింది. ఆవిడ మాత్రం వంటింటి గుమ్మం దాటి రాలేదు. చేతిలో పళ్లెం ఉంది, అందులో అక్షింతలు ఉన్నాయి. అలవాటు కొద్దీ కలిపారు, ఏం చెయ్యాలో తోచక నిలబడిపోయారు.

ఫణిశ్రీ చూసింది. పెట్టెను లారీ ఎక్కించమని చెప్పి, అత్తగారి దగ్గరికి వచ్చి తల వంచింది.

"పెట్టెకి వద్దండి అత్తయ్యగారు. పంపేది నేనే కదా, నాకు వెయ్యండి."

అమ్మణ్ణిగారు పళ్లెంలో ఉన్నవన్నీ కోడలి నెత్తిన పోశారు. ఒక్క గింజా మిగల్చలేదు.