కిటికీ గట్టు మీద తీపి

రాయగడలో విజయదుర్గ ఆఫీసుకు మెట్లెక్కి వచ్చిన ఆ నర్సు, కూర్చోమన్నా కూర్చోలేదు. జనవరి చలికి ఊరంతా ముడుచుకుని ఉంటే ఆమె నుదుట చెమట పట్టింది.

"నా పేరు కస్తూరండి. సెమిలిగుడ నుంచి వచ్చేను. సోమవారం నన్ను అరెస్టు సేస్తారంట."

విజయదుర్గ కళ్ళజోడు తుడుచుకుంది. కాగితం మిల్లు ల్యాబులో ఇరవై ఆరేళ్ళు ద్రవాల రంగులు చూసి, ఇప్పుడు మనుషుల రంగులు చూస్తున్న ప్రైవేటు డిటెక్టివ్ ఆవిడ. పక్కనే నోటుపుస్తకం తెరిచిన జగ్గారావు రిటైరైన రైల్వే గార్డు. దుర్గమ్మగారు తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉంటుందని నమ్మే రకం.

"ఎవరు పోయారమ్మీ?"

"మహేశ్వరరావుగారండి, అల్లం హోల్‌సేల్ సేస్తారు. మంగళవారం పొద్దున గోదాం అటక మీంచి పడిపోయేరు. తలకి దెబ్బ. డాక్టరుగారు మానిటాల్ రాసేరు, మెదడు వాపు తగ్గడానికి. దాంతో నిలబెట్టి విశాఖ పంపిద్దామన్నారు. అంబులెన్సు వచ్చేలోగానే పోయేరు."

"నీ మీద నింద ఏమిటి?"

కస్తూరి ఉన్నదున్నట్టు చెప్పింది. మానిటాల్‌కు చలి పడదు, గడ్డకట్టి పలుకులవుతుంది. అందుకే చలికాలంలో సీసాను బేసిన్లో వేన్నీళ్ళలో వేస్తారు. నర్సు వేరే పని చూసుకుని వచ్చేదాకా, కరుగుతోందో లేదో రోగి తాలూకువాళ్ళు చూస్తుంటారు. ఆ నర్సింగ్‌హోమ్‌లో పద్ధతి అది. ఆ పలుకులు కరగకుండానే కస్తూరి రక్తంలోకి ఎక్కించేసిందని పోయినాయన తమ్ముడు తిరుమలరావు పోలీసు కేసు పెట్టాడు. డాక్టరు కూడా అతని మాటకే తలూపాడు.

"నేను ఎక్కించినప్పుడు సీసా నీళ్ళలాగ తేటగా ఉందండి. మా పిల్లల మీద ఒట్టు."

"ఒట్లు పోలీసులకు పనికిరావు. పద" అంది విజయదుర్గ.

సెమిలిగుడ చేరేసరికి మధ్యాహ్నమైంది. లారీల పొగా మంచూ కలిసి రోడ్డు కనబడటం లేదు. నర్సింగ్‌హోమ్ డాక్టరు కృష్ణచైతన్య చేతులు జేబుల్లోంచి తియ్యకుండానే మాట్లాడాడు.

"మానిటాల్ మంచి మందండీ. చక్కెరలోంచి తయారుచేసేదే. మెదడులో చేరిన నీరు లాగేసి మూత్రంలో పంపేస్తుంది. మార్పిడి కోసం తీసిన కిడ్నీని పాడవకుండా ఉంచే ద్రవాల్లో కూడా కలుపుతారు. మందుది తప్పు కాదు, ఎక్కించినవాళ్ళది."

"మూత్రం సంచి నిండిందా?"

డాక్టరు చార్టు తిప్పాడు. "లేదు. రెండు గంటల్లో... చాలా తక్కువ."

"ఆ సీసా ఎక్కడుంది?"

మంగళవారం నుంచి కిటికీ పక్క అద్దాల బీరువాలో ఉంది. పోలీసులు మర్నాడు వచ్చి తీసుకెళ్తారట. అడుగున రెండు చెంచాల మందు మిగిలింది. ఆ పక్కనే కొత్త మానిటాల్ సీసాలు నాలుగు. విజయదుర్గ అన్నిటినీ వెలుతురుకు పెట్టి చూసింది. కొత్తవాటి అడుగున తెల్లటి పలుకులు సూదుల్లా పేరుకుని ఉన్నాయి. చనిపోయినాయన సీసాలో మిగిలింది మాత్రం ఊటనీటిలా తేటగా ఉంది.

జగ్గారావు గుసగుసగా అన్నాడు. "అయితే కస్తూరి సెప్పింది నిజమేనండి! పలుకుల్లేవు."

"సంతోషించకండి. ఈ చలిలో మూడు రోజులు ఉండి కూడా పలుకు కట్టలేదంటే, అసలు ఇది మానిటాలే కాదు. అమ్మాయి మీద నింద తగ్గలేదు, పెరిగింది."

జగ్గారావు నోటుపుస్తకం మూసేశాడు. విజయదుర్గ సీసా మీది చీటీ చూస్తోంది. వంకరగా ఉంది, తడిసి ఆరినట్టు ముడతలు పడింది. అంచు కింద నీలంగీత ఒకటి కనిపించింది. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు.

తరువాత రోగి ఉన్న గదికి వెళ్ళింది. మూల ప్లాస్టిక్ బేసిన్ ఉంది. కిటికీ రెక్క తీసి బయట గట్టు మీదికి వంగింది. సిమెంటు మీద తెల్లగా ఏదో పేరుకుంది. దాని చుట్టూ చీమలు. చలికి బద్ధకంగా ఉన్నా చీమలు చీమలే కదా. ఆవిడ ఆ తెలుపును కాగితంలోకి గీకి మడిచింది.

పోయినాయన భార్య లక్ష్మీదేవి దుకాణం వెనక ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఏడుపు కూడా అయిపోయిన మొహం. విజయదుర్గ నేల మీదే ఎదురుగా చతికిలబడింది.

"వదినగారూ, ఆయనకి షుగరు ఉందా?"

"ఇరవై ఏళ్ళయిందమ్మా. మా నాన్న దాంతోనే పోయేడు, కాలు తీసీసి. అప్పట్నుంచి ఈయన్ని పంచదార ముట్టనివ్వలేదు. ప్రసాదం లడ్డూ సేతిలో పెడితే, నోట్లో వేసుకునేలోగా మార్చీసి మరమరాలు పెట్టీసేదాన్ని. ఆయనకి తెలిసీదే కాదు."

"ఆ రోజు డాక్టరు మందు గురించి ఏం చెప్పారు?"

"సెక్కెర మందన్నారు. షుగరు మనిషికి సెక్కెరేటి బాబూ అని అడిగేను. కిడ్నీలు కూడా అందులోనే దాస్తారు, నీకు తెల్దు, ఊరుకో అన్నారు." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆ నర్సు సంపీసిందమ్మా. ఎంత జాగర్త పడినా సంపీసింది."

విజయదుర్గ లేచేటప్పుడు అంది. "రేపు పొద్దున నర్సింగ్‌హోమ్‌కి రండి. ఆయనకి షుగరు చూసే మిషను తెండి."

బయటికొచ్చాక జగ్గారావు అడిగాడు. "ఎవరో తెలిసిపోయిందాండి?"

"తెలిసింది. తెలియకపోతే బాగుండేది."

మర్నాడు ఆ గదిలోనే అందరూ చేరారు. డాక్టరు, కస్తూరి, కోపంతో కణతలు ఎగిరిపడుతున్న తిరుమలరావు, ఒళ్ళో మిషను పెట్టుకున్న లక్ష్మీదేవి. జగ్గారావు తలుపు దగ్గర నిలబడ్డాడు.

విజయదుర్గ అందరి ఎదుటా సీసా మీది చీటీని గోటితో లేపింది. అది ఊడివచ్చింది. కింద ఇంకో చీటీ ఉంది, సెలైన్‌ది.

"వేన్నీళ్ళలో వేస్తే చీటీ ఊడుతుంది. మానిటాల్ చీటీ ఊడింది, పక్కన బల్ల మీదున్న సెలైన్ సీసాకు అంటుకుంది. రెండు సీసాలూ ఒకటే సైజు. కస్తూరి వచ్చి చీటీ చదివింది, తేటగా ఉందని చూసింది, తగిలించింది. ఆయన ఒంట్లోకి వెళ్ళింది ఉత్త ఉప్పునీళ్ళు. అందుకే సంచి నిండలేదు."

"అంటుకోడమేటి? ఎవరంటించేరు? ఈ నర్సే!" తిరుమలరావు లేచాడు.

"కస్తూరికి మార్చాలంటే చీటీ ఎందుకు? గదిలో ఎవరూ ఆమెను అడగరు. చీటీ మార్చింది నర్సును నమ్మించాల్సినవాళ్ళు." ఆవిడ గొంతు తగ్గింది. "బేసిన్ దగ్గర కూర్చున్నది ఒక్కరే."

తిరుమలరావు మెల్లగా వదిన వైపు తిరిగాడు.

లక్ష్మీదేవి దాచలేదు. "అవును, నేనే మార్చేను. సీసాలో పటికబెల్లం పలుకులు కనిపించేయి. మూత తీసి నాలిక్కి రాసుకున్నాను. తియ్యగా ఉన్నాది! షుగరు మనిషికి అది ఎక్కిస్తే ఏటవుద్ది? కిటికీలోంచి పారబోసి, ఖాళీ సీసా సంచిలో వేసుకున్నాను. ఉప్పునీళ్ళు మంచివే గదా అనుకున్నాను. ఆయన్ని కాపాడేనే గాని..."

"మిషను ఇటివ్వండి."

విజయదుర్గ కాగితం విప్పి, గట్టు మీది తెలుపును గోరువెచ్చని నీళ్ళలో కరిగించింది. ఒక చుక్క పట్టీ మీద వేసి మిషన్ను లక్ష్మీదేవి చేతిలో పెట్టింది. ఇరవై ఏళ్ళుగా రోజూ పొద్దునే చదివిన తెర అది. దాని మీద అంకె రాలేదు. 'లో' అని, అంటే చక్కెర అందనంత తక్కువని, వచ్చింది.

"ఇది చక్కెరలోంచి పుట్టిందే. కాని ఒంట్లో చక్కెరగా మారదు, షుగరు పెంచదు. వాపు నీళ్ళను లాక్కుని బయటికి పోతుంది, అంతే. ఇది ఎక్కించినా ఆయన విశాఖ చేరేవారో లేదో ఎవరూ చెప్పలేరు. ఆ మాట మాత్రం నమ్మండి."

లక్ష్మీదేవికి ఆ చివరి మాట వినిపించలేదు. జగ్గారావు నోటుపుస్తకం తెరవలేదు, అతని కళ్ళు తడిశాయి. తిరుమలరావు కస్తూరి ముందు చేతులు జోడించి, కేసు వెనక్కి తీసుకుంటానని గొణిగాడు. గండం గడిచిన కస్తూరికి సంతోషించడానికి మొహం చెల్లలేదు. వెళ్ళి లక్ష్మీదేవి భుజం పట్టుకుంది.

లక్ష్మీదేవి తెర వైపే చూస్తోంది. తల ఎత్తి డాక్టర్ని అడిగింది.

"మరి తియ్యగా ఉన్నాదేటి బాబూ?"

మంగళవారం పొద్దునే చెప్పి ఉండవలసిన జవాబు అది. ఇప్పుడూ డాక్టరు చేతులు జేబుల్లోనే ఉన్నాయి. విజయదుర్గే మంచం అంచున ఆమె పక్కన కూర్చుని, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది.