కన్నుకుట్టిన కోటు

"ఓయామా" అని విన్నాడు ఏజెంట్ తోకుమారు. చీఫ్ వాకిసాకా చెప్పింది "అవోయామా". నోట్లో అన్నంముద్ద పెట్టుకుని ఫోన్‌లో బ్రీఫింగ్ ఇవ్వడం చీఫ్‌కి అలవాటు. ఆ ఉదయం ముద్దతో పాటు మొదటి అక్షరాన్నీ మింగేశాడు. ఆ రెండు పేటలూ టోక్యోలోనే ఉన్నాయి, కాకపోతే ఒకటి ఆ చివర, ఒకటి ఈ చివర.

ఓయామా స్టేషన్ వెనక సందులో ఓ ముసలావిడ వెదురు గడల మీద పాత బట్టలు ఆరవేస్తోంది. అక్టోబర్ ఎండ, పొడి గాలి, ఊరంతా పెట్టెలు తెరిచి బట్టలు గాలికి వేసే రోజులు. కాంటాక్ట్ ఈవిడే అనుకుని తోకుమారు కోడ్ మాట వదిలాడు.

"మెయిజీ ముప్పై ఎనిమిదో ఏటి కోటు గాలికి వేశారా?"

"ఆలస్యం చేశావు నాయనా. ఇందాకే ఒకాయన పట్టుకుపోయాడు."

తోకుమారు పరుగున వెళ్లి పొగాకు కొట్టు ముందున్న ఎర్ర ఫోన్ అందుకున్నాడు. కోటు చేయి దాటిపోయిందని చెబితే చీఫ్ కాసేపు నమిలి, మింగి, అప్పుడు మాట్లాడాడు.

"కోటు నా కళ్ల ముందే వేలాడుతోంది. నువ్వెక్కడ వేలాడుతున్నావ్?"

మూడు రైళ్లు మారి తోకుమారు అవోయామా చేరేసరికి ఒకటిన్నర.

అక్కడో గుడి హాల్లో పాత సైనిక దుస్తుల సంఘం వాళ్లు ఏటేటా తమ కోట్లు తెచ్చి గాలికి వేస్తారు. మారువేషం అక్కర్లేని ఒకే ఒక్క మిషన్ ఇది. సంఘంలో తోకుమారు పదమూడేళ్ల సభ్యుడు. గూఢచారి అని ఎవరికీ తెలియదు, మెయిజీ చక్రవర్తి కాలం నాటి కోట్ల మోజు అని మాత్రం అందరికీ తెలుసు.

చీఫ్ చెట్టు చాటుకి లాగి మిగతా బ్రీఫింగ్ ఇచ్చాడు. షిప్‌యార్డ్ నుంచి సబ్‌మెరైన్ ప్రొపెల్లర్ డ్రాయింగ్ దొంగిలించారు. అగ్గిపుల్లంత ఫిల్మ్. అది ఈ హాల్లోని ఐదు కోట్లలో ఒకదాని మెడపట్టీలో ఉంది. ఆ ఐదింటినీ హాల్వర్‌సన్ అనే పెద్దమనిషి విదేశీ ఎగ్జిబిషన్‌కి అరువు తీసుకెళ్తున్నాడు. ఆయనది ఏ దేశమో ఆ పూట జేబులో ఉన్న పాస్‌పోర్ట్‌ని బట్టి ఉంటుంది. రెండు గంటలకి వాటి పెట్టెకి ఎంబసీ సీలు పడితే ఇక దాన్ని ముట్టుకునే హక్కు ఎవరికీ లేదు.

"యజమానుల్లో ఒక జడ్జి, ఇద్దరు మాజీ జనరల్స్. ఒక్క కోటు విప్పడానికే నాకు అనుమతి వచ్చింది," అన్నాడు చీఫ్. "తప్పు కోటు విప్పావా, నీ ఉద్యోగం పోతుంది, నీ సంఘం నిన్ను గెంటేస్తుంది. సాయొ అయితే రెండో గడ మీది గుర్రపు దళం కోటు అంటోంది."

సాయొ సంఘం సెక్రటరీ, రెండేళ్లుగా బ్యూరో ఇన్‌ఫార్మర్ కూడా. లేత ఊదా కిమోనోలో, ఆ హాల్లో ఉన్న అరవై దాటిన గుండెలన్నిటికీ వ్యాయామం చేయిస్తూ టీ పోస్తోంది.

"ఆ ఐదింట్లో మినొబె కోటు చూడాలి," అన్నాడు తోకుమారు.

"నీ కడుపుమంట వాసన నాకు ఇక్కడికే వస్తోందోయ్."

రాకేం చేస్తుంది. పట్టు వ్యాపారం చేసి మానేసిన మినొబె దగ్గర సైన్యం ముదురు నీలం మానేసి మట్టిరంగుకి మారిన తొలి ఏటి కోటు ఉంది. నిలువు మెడపట్టీ, ఐదు ఇత్తడి బొత్తాలు, లోపలి గుడ్డ మీద సైనిక దుస్తుల డిపో సిరా ముద్ర చెక్కు చెదరకుండా. పదకొండేళ్ల కిందట కండా పేటలోని పాత సామాన్ల కొట్లో తోకుమారు కన్నా నాలుగు నిమిషాల ముందు వచ్చి కొన్నాడు. అప్పట్నుంచీ తోకుమారుకి కన్ను కుడుతూనే ఉంది. కోటుకైనా అన్ని కుట్లు లేవు. పైగా సాయొ ప్రతిసారీ టీ ముందు మినొబెకే పోస్తుంది.

మినొబె ఎదురొచ్చి, తన కోటు కాలరు ఒక్కటే చాలదన్నట్టు సొంత కాలరు కూడా ఎగరేశాడు.

"రండి తోకుమారు గారూ. చూసుకోండి. చూడ్డానికి టిక్కెట్టు లేదు."

కొత్త దారాన్ని మెరిపించి చూపే బ్యూరో టార్చ్ తీశాడు తోకుమారు. వెలగలేదు. బ్యూరో వారి బ్యాటరీ. ఇక ముక్కు మిగిలింది.

పదకొండేళ్లుగా ఏటా ఒకసారి వాసన చూస్తున్న కోటు అది. మినొబె కర్పూరం తప్ప ఇంకేదీ వాడడు, లోపలి గుడ్డలో చిన్న సంచి కుట్టి అందులో దాస్తాడు. ఇవాళ కర్పూరం వెనక ఇంకో వాసన ఉంది. కుడి జేబు కింద అరచేతి వెడల్పున తడి జిడ్డు. జేబులో వేలు పెడితే కరుగుతున్న కలరా ఉండలు తగిలాయి.

కర్పూరం, కలరా ఉండలు ఒకచోట చేరితే రెండూ కరిగి బట్టకి మరక అంటిస్తాయి. ఈ దేశంలో ఇది బళ్లో చెప్పరు, అమ్మ చెబుతుంది. మినొబె చచ్చినా అలా చేయడు. కోటు విప్పి, కుట్టి, తిరిగిచ్చేటప్పుడు జేబులో పురుగుల మందు వేసి ఇవ్వడం మర్యాద అని నేర్చుకున్నవాళ్లు ఎవరో చేశారు. లోపల సంచి ఉందని వాళ్లకి తెలియదు.

ఫిల్మ్ ఇందులోనే ఉంది. ఒకటీ యాభై మూడు.

తోకుమారు ఇక్కడ ఆగిపోయాడు. "మినొబె కోటులో ఉంది," అని మూడు మాటలు చెప్పి ఊరుకుంటే చాలు. ఫిల్మ్ దొరుకుతుంది, మినొబె కటకటాల వెనక్కి, అతని కోట్లు వేలంపాటకి. తను అబద్ధం ఆడక్కర్లేదు, కలరా ఉండల సంగతి ఎత్తకపోతే సరిపోతుంది. వేలంలో తను మొదటి వరసలో కూర్చున్నట్టు కూడా కనిపించింది.

అవతల హాల్వర్‌సన్ మనుషులు పెట్టె మూత తెచ్చారు.

"మినొబె గారూ, ఈ కోటు మీ చేయి దాటి ఎవరి దగ్గరికైనా వెళ్లిందా?" అని అడిగేశాడు తోకుమారు. ఆ ప్రశ్న తనకే చేదుగా తగిలింది.

"ప్రయాణానికి సర్దిస్తానని సాయొ గారు మూడు రోజులు ఇంట్లో ఉంచుకున్నారు. ఏం?"

సాయొ టీపాత్ర కింద పెట్టింది. మెల్లగా హ్యాండ్‌బ్యాగ్‌లోంచి లిప్‌స్టిక్ తీసి తోకుమారు వైపు తిప్పింది. అందులో గుండు ఉంటుందని అతనికి తెలుసు, బ్యూరోనే ఇచ్చింది. టిక్కుమంది, అంతే.

"ఆఫీసు సామానమ్మా అది," అన్నాడు చీఫ్, ఆమె మణికట్టు పట్టుకుని. "కిందటి నెల నుంచి గుళ్లకి బడ్జెట్ లేదు."

"మరకొక్కటి పడకపోతే ఈ ముక్కుకి ఏం తెలిసేది," అంది సాయొ.

"మీ అమ్మగారు బాగా పెంచారు," అన్నాడు తోకుమారు. ఆ మాట వెటకారంగా అనలేదు.

జేబుకత్తితో మెడపట్టీ మీద పదకొండు పోగులు తెంచాడు. ఏడాదికొక పోగు. కుట్టు విప్పగానే కుట్ర జారి పడింది, అగ్గిపుల్లంత. గంట రెండు కొట్టేసరికి హాల్వర్‌సన్ పాస్‌పోర్ట్‌లు వెతుక్కుంటున్నాడు, తలుపు దగ్గర చీఫ్ మనుషులు ఆయన కోసం చూస్తున్నారు.

మినొబె ఫిల్మ్ వైపు చూడలేదు. తెగిన మెడపట్టీని వేళ్లతో నిమిరి, కోటుని మడిచి తోకుమారు చేతుల్లో పెట్టాడు.

"మీరు నోరు మూసుకుని ఉంటే నేను జైల్లో ఉండేవాణ్ని. తీసుకోండి."

పదకొండేళ్ల కోరిక చేతుల్లో బరువుగా ఉంది. తోకుమారు తల వంచి నమస్కరించాడు. చాలాసేపు పైకి లేవలేదు. కళ్లు తుడుచుకోవడానికి అంత సమయం పట్టింది.

టీ దగ్గర జడ్జిగారు, అంత ముఖ్యమైన పనికి మూడు గంటలు ఆలస్యం ఎందుకైందని అడిగారు. చీఫ్ అందరికీ వినిపించేలా అన్నంముద్ద సంగతి ఒప్పుకున్నాడు. తను అవోయామా అంటే ఇతను ఓయామా వెళ్లాడనీ, అక్కడెవరో ముసలావిడ, కోటు ఒకాయన పట్టుకుపోయాడంటే మిషన్ పోయిందని కంగారుపడ్డాడనీ చెప్పాడు. జనరల్స్ నవ్వారు. తోకుమారు కూడా నవ్వాడు. మినొబె ఒక్కడే నవ్వలేదు.

"ఓయామా స్టేషన్ వెనక సందేనా? ఎత్తుపళ్ల ముసలావిడేనా?" అన్నాడు టీ చప్పరిస్తూ. "ఆ ఒకాయన నేనే. దీనికి జంట. ఒక్కసారి కూడా తొడగని కోటు, నాడు దర్జీ వేసిన టాకాలు కూడా ఊడలేదు. అది దొరికాక మీకిచ్చిన ఈ పాతది ఎవరికిద్దామా అని పొద్దుట్నుంచీ చూస్తున్నా."

తోకుమారు టీ పూర్తిచేశాడు. ఓయామాకి ఏ బండిలో వెళ్లారని మాత్రం అడిగాడు. తన బండికి నాలుగు నిమిషాల ముందుదే.